కలుపుగోలు అమ్మ గురించి రాయాలంటే

అమ్మ పోయిన మూడో వారంలో తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ గురించి రెండు పేజీలు నువ్వే రాయాలి. ముప్ఫయ్యేళ్లు ప్రూఫులు దిద్దావు కదా" అన్నాడు. రాశాను. "మా అమ్మ ఎంతో కలుపుగోలు మనిషి. కొత్తా పాతా లేకుండా అందరినీ ఆప్యాయంగా పలకరించేది. మనవలంటే ఆమెకి ప్రాణం." ఇదే ధోరణిలో రెండు పేజీలు. దిద్దుదామని ఎర్ర పెన్ను తీస్తే ఒక్క అక్షర దోషం లేదు. అయినా ఏదో తేడాగా ఉంది. అమ్మ పేరున్న చోటల్లా మా మేనత్త పేరు పెట్టి మళ్లీ చదివాను. ఎక్కడా అడ్డు తగల్లేదు, చక్కగా సరిపోయింది. మా మేనత్త ఇంటికి ఎవరైనా వస్తే గది తలుపు వేసుకుని కూర్చునే మనిషి.

ఆ రెండు పేజీలూ చింపేశాను. మళ్లీ రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ ఎనిమిది నెలల్లో ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో, ఇప్పుడైతే ఏ పని ముందు పెట్టుకుంటానో చెబుతాను. మీ అమ్మో, అమ్మమ్మో, నానమ్మో నలుగురిలో తిరిగే మనిషైతే మీకు పనికొస్తుంది. అలాంటి మనిషి గురించి రాయడంలో ఒక చిక్కుంది. ఆమె జీవితం ఇంట్లో ఉండదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ల దగ్గర ఒక ముక్క, ఆస్పత్రి వరండాలో పరిచయమైనవాళ్ల దగ్గర ఇంకో ముక్క ఉంటుంది. మన దగ్గరున్నది కూడా ఒక ముక్కే. మనం కన్నబిడ్డలం కాబట్టి అదే మొత్తం అనుకుంటాం.

ముందు ఫోను

రాయడానికి తొందర లేదు. ఫోనుకి ఉంది. మేం చేసిన మొదటి తప్పు అదే. అమ్మ ఫోను కొత్తది, పాడైపోతుందని అంతా చెరిపేసి మేనల్లుడికి ఇచ్చాం. మంచి పనే చేశామనుకున్నాం. పది రోజుల తర్వాత అమ్మ గొంతు వినాలనిపించింది. నా దగ్గర ఒక్క ముక్క లేదు. రోజూ మాట్లాడేదాన్ని కదా, రికార్డు చేయాలని ఎందుకు తోస్తుంది?

కాబట్టి ఫోను ఎవరికీ ఇవ్వకండి. చార్జింగ్ పెట్టి, తాళం నంబరు తెలిస్తే ఒక కాగితం మీద రాసి దాంతోపాటే ఉంచండి. సిమ్ వెంటనే ఆపేయకండి, చాలా ఖాతాలకి ఓటీపీ దానికే వస్తుంది. వాట్సాప్ ఖాతాని సాధారణంగా 120 రోజులు వాడకపోతే తీసేస్తారు. గూగుల్ ఖాతా రెండేళ్లు ముట్టుకోకపోతే అందులోని ఫొటోలతో సహా పోయే అవకాశముంది. నాలుగు నెలలంటే చాలా ఉందనిపిస్తుంది గానీ ఆ నాలుగు నెలలు ఎలా గడుస్తాయో ఎవరికీ తెలియదు.

మాలాగా ఫోను పోగొట్టుకున్నా దారి ఉంది. మాటకారి మనిషి గొంతు తన ఫోనులో కంటే పక్కవాళ్ల ఫోనుల్లోనే ఎక్కువ ఉంటుంది. తెలిసినవాళ్లందరికీ ఒకటే మెసేజ్ పెట్టాను: "అమ్మ పంపిన వాయిస్ మెసేజ్ మీ దగ్గర ఏదైనా ఉంటే, ఎంత చిన్నదైనా సరే, నాకు పంపండి." పదిహేడు మంది దగ్గర నుంచి నలభై ఒకటి వచ్చాయి. అన్నింటికంటే చిన్నది మూడు సెకన్లు: "ఆఁ, చెప్పు చెప్పు." అన్నింటికంటే పెద్దది ఆరు నిమిషాలు. అది ఎవరికీ పంపాలనుకున్నది కాదు, వేలు తగిలి రికార్డయింది. బస్సులో పక్కనున్న అమ్మాయిని పెళ్లెందుకు వద్దనుకుంటోందో అడుగుతోంది. ఆ అమ్మాయి మొదట ముక్తసరిగా జవాబిచ్చి, నాలుగో నిమిషానికి ఏడుస్తోంది. ఐదో నిమిషానికి ఇద్దరూ నవ్వుతున్నారు. దాన్ని ఇద్దరం ముగ్గురం విని దాచుకున్నాం గానీ బయట ఎవరికీ వినిపించలేదు. ఆ అమ్మాయి చెప్పుకుంది అమ్మతో, మాతో కాదు.

వచ్చినవాటిని స్పీకర్ మీద పెట్టి ఇంకో ఫోనులో రికార్డు చేయకండి, గొంతు డొల్లగా వస్తుంది. అసలు ఫైలునే తీసుకోండి. పేరు మాత్రం మార్చండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత ఎవరికి పంపిందో. 2019-03-11 అని మొదలుపెడితే ఫైళ్లు వాటంతటవే వరసలో నిలబడతాయి.

ఆమె నోటు పుస్తకం

అమ్మ సెల్‌ఫోను వచ్చాక కూడా నంబర్లు ఒక గళ్ల నోటు పుస్తకంలో రాసుకునేది. అందులో ఇంటిపేర్లు లేవు. "బస్సు ఎర్రసంచి", "కళ్లజోడు పిల్ల", "మెట్ల మీద పడ్డాయన", "రాంగ్ నంబర్". మనుషులు తనకి ఎలా తగిలారో అలాగే రాసుకుంది. మీ అమ్మకి పుస్తకం లేకపోతే ఫోనులో పేర్లు ఎలా దాచుకుందో చూడండి. అది కూడా చేతిరాతలాంటిదే.

ఏ నంబరుకీ ఫోన్ చేయకముందు ప్రతి పేజీనీ ఫొటో తీయండి, ఖాళీ పేజీలు కూడా. నేను మొదట్లో పెన్సిల్‌తో టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. తర్వాత చూస్తే కొన్ని టిక్కులు నావో అమ్మవో తెలియలేదు.

ఇక ఫోన్ చేయడం. నాకు దీనికి చచ్చేంత టెన్షన్. నేను అమ్మలాంటిదాన్ని కాదు, ప్రూఫులు దిద్దేవాళ్లు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని అవే చదివేదాన్ని: నేను ఫలానా ఆవిడ పెద్దమ్మాయిని, అమ్మ ఈమధ్య పోయింది, మీ నంబరు ఆవిడ పుస్తకంలో ఉంది. తర్వాత ఊరుకునేదాన్ని. సగం నంబర్లు పనిచేయలేదు. కొంతమంది "ఎవరో గుర్తు రావట్లేదమ్మా" అన్నారు. ఒకావిడ ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి, గంట తర్వాత తనే చేసింది.

"రాంగ్ నంబర్" అన్న నంబరు ఎత్తినాయన కథ ఇది. 2009లో ఆయనకి ఉద్యోగం వచ్చింది. ఆ మాట అన్నయ్యకి చెబుదామని చేస్తే ఒక అంకె తప్పి అమ్మకి తగిలింది. "అన్నయ్యా, వచ్చేసింది!" అని అరిచాడట. సారీ చెప్పి పెట్టేయబోతే అమ్మ, "మీ అన్నయ్యకి తర్వాత చెబుదురుగాని, ముందు నాకు చెప్పండి, ఏం ఉద్యోగం?" అందట. ఆ తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు, పదకొండేళ్లు మాట్లాడుకున్నారు. ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆయన ఆవిణ్ని అక్కయ్యా అనేవాడు. ఆవిడకి ఇలాంటి తమ్ముడొకడు ఉన్నాడని ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎవరిని ముందు అడగాలి

బయటివాళ్లని ముందు, ఇంట్లోవాళ్లని తర్వాత. ఇంట్లో కథలు చెప్పీ చెప్పీ అరిగిపోయి ఉంటాయి. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వింత కథ ఇచ్చి, దాన్ని మనుషుల చేత మళ్లీ మళ్లీ చెప్పించి చూశాడు. ఆ ఫలితాలు 1932లో ప్రచురించాడు. చెప్పినకొద్దీ కథ పొట్టిదైంది. వింతగా ఉన్న ముక్కలు రాలిపోయాయి. మిగిలింది చెప్పేవాళ్లకి అలవాటైన కథల రూపంలోకి మారింది. అమ్మ కథలకీ అదే జరుగుతుంది. రాలిపోయే ఆ వింత ముక్కలే మనకి కావలసినవి. ఒక్కసారి కూడా ఆ కథ ఎవరికీ చెప్పుకోనివాళ్ల దగ్గర అవి ఇంకా ఉంటాయి.

అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ ఒకేచోట కూర్చోబెట్టి అడగకండి, మొదటి విడతలో అసలు వద్దు. మా ఇంట్లో చెల్లెలు గట్టిగా చెబుతుంది. అది చెప్పాక తమ్ముడికి తన జ్ఞాపకం మీద నమ్మకం పోతుంది, "అంతేనేమోలే" అంటాడు. విడివిడిగా అడిగి రాసుకున్నాక అందర్నీ కలపండి. అప్పుడు కొట్టుకున్నా ఫర్వాలేదు, కాగితం మీద మూడు రకాలూ భద్రంగా ఉంటాయి.

ఇంకో సంగతి. వయసు పైబడినవాళ్లకి సుమారు పదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్ల మధ్య రోజులు మిగతావాటికంటే బాగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసినవాళ్లు తేల్చారు. దీనివల్ల ఏమవుతుందంటే, అమ్మ స్నేహితురాళ్లు ఆమె పెళ్లికాని రోజుల గురించి గంటలు గంటలు చెబుతారు. మనవలు ఆఖరి పదేళ్లూ చెబుతారు. నలభైకీ యాభై అయిదుకీ మధ్య ఖాళీ. ఆ వయసులో ఆమె అందరి పనులూ చేస్తూ తిరుగుతుంటుంది, ఎవరూ ఆగి చూడరు. నా పుస్తకంలో ఆ పదిహేనేళ్లకి ఒక్క పేరా కూడా లేదని గమనించాక, అప్పట్లో అమ్మతో ఒకే చోట పనిచేసిన ఇద్దర్ని వెతికి పట్టుకున్నాను. మీరు ముందే ఒక కాగితం మీద పదేళ్లకొక గీత గీసి, ఏ గడి ఖాళీగా ఉందో చూసుకుంటూ ఉండండి.

ఎలా అడగాలి

"అమ్మ ఎలాంటిది?" అని అడిగితే "చాలా మంచిదమ్మా" అంటారు. అక్కడితో సరి. మంచిదని మనకీ తెలుసు. నేను తర్వాత తర్వాత అడిగినవి ఇవి: ఆవిణ్ని మొదటిసారి ఎక్కడ చూశారు? అప్పుడు ఆవిడ చేతిలో ఏముంది? ముందు ఎవరు మాట్లాడారు? మీరు వెళ్లిపోతుంటే ఏమంది? మీ మీద ఎప్పుడైనా విసుక్కుందా? ఆవిడ ఉన్నప్పుడు మీకు అసలు నచ్చనిదేమిటి? చివరి ప్రశ్నకి మొదట అందరూ "అబ్బే, ఏమీ లేదు" అంటారు. ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. ఎనిమిది దగ్గర మొదలుపెడతారు.

చేతిలో ఏముంది అన్న ప్రశ్న వెర్రిగా అనిపిస్తుంది గానీ అన్నిట్లోకీ అదే బాగా పనిచేసింది. చేతిలో గొడుగు అనగానే వాన గుర్తొస్తుంది, వాన అనగానే ఎవరింటి అరుగు మీద నిలబడ్డారో గుర్తొస్తుంది. తేదీలకి కూడా ఇదే పద్ధతి. "ఏ సంవత్సరం?" అంటే ఎవరూ చెప్పలేరు. "అప్పటికి మీ చిన్నవాడు పుట్టాడా? మీరు ఏ ఇంట్లో ఉన్నారు?" అంటే లెక్క తేలుతుంది.

రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి ఒప్పుకున్నాకే చేయండి. ఫోనుని ఖాళీ బల్ల మీద కాకుండా మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి, బల్ల అదురు రాదు. ఫ్యాను ఆపండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే సరిగ్గా అసలు మాట దగ్గరే కాల్ వస్తుంది. అర నిమిషం రికార్డు చేసి విని చూసి మొదలుపెట్టండి. పెద్దవాళ్లయితే ముప్పావుగంట మించి కూర్చోబెట్టవద్దు. ఆపేశాక వెంటనే లేవకండి. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే, "అన్నట్టు..." అని ఒక మాట అంటారు. నాకు దొరికిన మంచి సంగతుల్లో సగం చెప్పుల దగ్గర దొరికినవే. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని రాసుకునేదాన్ని.

మనవలు

మనవలకి తెలిసిన మనిషి వేరు. మాకు ఒక్క మార్కు తగ్గితే రాత్రంతా మాట్లాడని మనిషి, మా పిల్లలు సున్నా తెచ్చుకుంటే "గుండ్రంగా ఎంత బాగుందో" అంది. ఈ రెండూ ఒకే పుస్తకంలో పెట్టండి, కలపకండి. ఎలా మారిందో మనం వివరించబోతే అబద్ధం అయిపోతుంది.

పిల్లల్ని ప్రశ్నలు అడిగితే బడిలో జవాబు చెప్పినట్టు చెబుతారు. అమ్మమ్మతో ఏ ఆట ఆడేవాళ్లో అది ఆడండి. మావాళ్లతో పేకముక్కలు తీసి కూర్చున్నాను. రెండో ఆటకే చిన్నది, "అమ్మమ్మ అయితే ఇక్కడ ముక్క దాచేసేది" అని తొడ కింద చూపించింది. అమ్మమ్మ మోసం చేస్తుందని పిల్లలకి తెలుసట. తమకి తెలుసని అమ్మమ్మకి కూడా తెలుసట. దొరికిపోయినప్పుడల్లా, "కళ్లజోడు లేదు నాన్నా, కనపడలేదు" అనేదట, కళ్లజోడు ముక్కు మీదే పెట్టుకుని.

వాళ్లని అమ్మమ్మలా నటించమనండి. సిగ్గుపడతారు, తర్వాత ఆపమన్నా ఆపరు. తొమ్మిదేళ్ల మేనల్లుడు నానమ్మ ఎవరింట్లోనైనా సెలవు తీసుకునే పద్ధతి చేసి చూపించాడు: రెండు చేతులతో మోకాళ్ల మీద చరిచి, "ఇక పదండి" అని, మళ్లీ వెనక్కి ఆనుకుని పావుగంట మాట్లాడడం. అది నేను యాభై ఏళ్లు చూశాను. ఒక్క వాక్యంలో కూడా పెట్టలేకపోయాను. వీడియో తీసి, కింద పిల్లాడి వయసూ తేదీ రాసి దాచాను.

మరీ చిన్నపిల్లలుంటే వాళ్లకోసం వేరే పని చేయాలి. మూడేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. మా ఇంట్లో అందరికంటే చిన్నవాడికి అప్పటికి రెండేళ్లు. వాడికి నానమ్మ ఉండదు, మనం చెప్పేదే ఉంటుంది. అందుకని వాడికీ ఆవిడకీ మధ్య జరిగినవి మాత్రమే ఒక ఉత్తరంలా రాసి మరదలికి ఇచ్చాను. "నువ్వు ఆమె కళ్లజోడు లాగితే ఆమె నీ బొటనవేలు కొరికేది" లాంటివి, ఒక పేజీ.

ఫొటోలూ క్యాసెట్లూ

మా అమ్మ ఒక్క ఫొటోలో కూడా కెమెరా వైపు చూడదు. పక్కనున్నవాళ్లతో ఏదో అంటూ ఉంటుంది, మొహం మసక. చెల్లెలు అలాంటివన్నీ పక్కన పడేద్దామంది. నేను పడనివ్వలేదు. కదలకుండా నిలబడిన ఒకే ఒక్క ఫొటో గుర్తింపు కార్డుది. అందులో అమ్మ ఎవరోలా ఉంది.

కాగితం ఫొటోలు స్కాన్ చేయించేటప్పుడు 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, అడగండి. 4×6 అంగుళాల ఫొటో అప్పుడు 2400×3600 పిక్సెళ్లు వస్తుంది, పెద్దది చేసి అచ్చువేసినా నిలబడుతుంది. వెనకవైపు ఏమైనా రాసి ఉంటే అది కూడా స్కాన్ చేయండి. మీరు కొత్తగా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా, అంచున రాయండి. బాల్‌పెన్ను గీత ముందువైపుకి తేలుతుంది. రంగుల ఫొటోలు ముందు చేయించండి, అవి తొందరగా వెలుస్తాయి. జాగ్రత్తగా ఉంచిన నలుపు తెలుపువి వాటికంటే గట్టివి. పేజీకి జిగురుండి పైన ప్లాస్టిక్ పొర కప్పే పాత ఆల్బములు మాత్రం ఫొటోలకి శత్రువులు. బలంగా లాగకండి. పళ్ల సందుల్లో శుభ్రం చేసుకునే సన్నదారం ఫొటో వెనక నుంచి మెల్లగా లాగితే చాలావరకు ఊడుతుంది. ఊడకపోతే పేజీతో సహా ఫోనుతో ఫొటో తీయండి, ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన. బంధువులు వాట్సాప్‌లో పంపుతామంటే ఫొటోగా వద్దు, డాక్యుమెంటుగా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది.

పాత క్యాసెట్ దొరికితే ముందు దాని పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున దాని మీద రికార్డు అవదు. తర్వాత ప్లేయర్‌లో పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి చూడండి. నేను ఆత్రంగా అమ్మ క్యాసెట్టే ముందు పెట్టాను. అది టేపుని మింగింది. పెన్సిల్ దూర్చి తిప్పి తిప్పి బయటికి తీశాను. అమ్మ నవ్వు మధ్యలో నాలుగు సెకన్లు ఇప్పుడు నీళ్లలో నవ్వినట్టు ఉంటుంది.

అన్నీ అయ్యాక మూడు ప్రతులు: రెండు వేర్వేరు రకాల చోట, అంటే ఒకటి హార్డ్ డిస్క్, ఒకటి క్లౌడ్ అలా; వాటిలో ఒకటైనా వేరే ఇంట్లో ఉండాలి.

రాయడం

ఇక్కడ నేను నా వృత్తి ఉపయోగించాను. మొదటి చిత్తుప్రతిలో ఎంతో, ఎల్లప్పుడూ, అందరికీ, ఎవరైనా సరే అన్న మాటల చుట్టూ సున్నాలు చుట్టాను. పేజీ ఎర్రబడిపోయింది. ప్రతి "అందరికీ" తీసేసి ఒక్క మనిషిని పెట్టాను. "అందరికీ సాయం చేసేది" పోయి "మెట్ల మీద పడ్డాయన" వచ్చాడు.

తర్వాత కనిపించింది ఇంకా పెద్ద జబ్బు. తెలుగులో పోయినవాళ్ల గురించి రాస్తే క్రియలన్నీ "-ఏది" దగ్గర తేలతాయి: పలకరించేది, నవ్వేది, ఇచ్చేది, కూర్చోబెట్టేది. చదవడానికి హాయిగా ఉంటుంది, జోలపాటలా. పేజీ తిరిగేసరికి ఏమీ గుర్తుండదు, ఎందుకంటే అక్కడ ఏదీ జరగలేదు. "రోజూ అడిగేది" అన్నచోట "ఆ రోజు అడిగింది" అని మార్చి చూడండి. మార్చగానే ఏ రోజు, ఎవర్ని, ఏమని అన్న ప్రశ్నలు వచ్చి మీద పడతాయి. జవాబు తెలియకపోతే ఎవరికి తెలుసో వాళ్లకి ఫోన్ చేయాలి. నాకు ఇంత పని పెట్టింది ఆ "-ఏది" ఒక్కటే. మొత్తం తీసేయమనను. అలవాట్లు చెప్పాలంటే అది ఉండాల్సిందే. పేజీకి మూడు నాలుగు చాలు.

ఎవరు మాట్లాడుతున్నారో వాళ్ల పిలుపే ఉంచండి. మేము "అమ్మ అంది" అంటాం, బయటివాళ్లు "ఆవిడ అన్నారు" అంటారు. నా పిల్లలకి ఆవిడ అమ్మమ్మ, తమ్ముడి పిల్లలకి నానమ్మ. మొదట అంతటా "అమ్మ" అని ఒకే రకంగా దిద్దాను, ప్రూఫు రీడరు బుద్ధి. తమ్ముడి కూతురు చదివి, "ఇందులో నానమ్మ లేదేంటత్తా?" అంది. మళ్లీ మొత్తం విప్పి ఎవరి పిలుపు వాళ్లకి ఇచ్చేశాను. అమ్మ మాటల్ని కూడా దిద్దకండి. మా అమ్మ టెన్షన్‌ని "టెన్సను" అనేది. "టెన్సను పడకే, ఎవరో ఒకరు కనపడతారు" అనేది దారి తప్పినప్పుడల్లా. ఆ "స" దగ్గర నా పెన్ను మూడుసార్లు ఆగింది. వదిలేశాను.

తప్పులు కూడా రాయాలా? రాయాలి. అమ్మ నోట్లో రహస్యం నిలిచేది కాదు. నేను పరీక్ష తప్పిన సంగతి నాకంటే ముందు బస్సులో అందరికీ తెలిసింది. నేను బస్సెక్కగానే ముక్కూ మొహం తెలియనాయన ఓదార్చాడు. నాలుగు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఇంకో బాధ కూడా ఉంది. ఊళ్లోవాళ్లందరికీ టైమున్న మనిషి కోసం మేము ముగ్గురం తాళం వేసిన తలుపు దగ్గర చాలా సాయంత్రాలు కూర్చున్నాం. ఇది రాయవద్దని చెల్లెలు పట్టుబట్టింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: మన దెబ్బ మనం చెప్పుకోవచ్చు, ఇంకొకరి దెబ్బ చెప్పాలంటే వాళ్లని అడగాలి. పరీక్ష సంగతి ఉంచాను. తలుపు దగ్గర సాయంత్రాలు ముగ్గురివీ, అందుకని ముగ్గురం కూర్చుని రాశాం. మొత్తం పుస్తకంలో చెల్లెలు రాసిన వాక్యం అదొక్కటే, అదే అందరికీ నచ్చింది.

పుట్టుక దగ్గర మొదలుపెట్టి వరసగా రానక్కర్లేదు. నాకు పంతొమ్మిది సంఘటనలు మిగిలాయి, ఒక్కొక్కటి అర పేజీ నుంచి రెండు పేజీలు. తేదీలూ ఇళ్లూ పనులూ అన్నీ వెనక ఒక్క పేజీలో పెట్టేశాను. అందరూ కలిసి తలుచుకునే రోజు పైకి చదవాలనుకుంటే అందులోంచి రెండే తీసుకోండి, నవ్వొచ్చేది ముందు. గడియారం పెట్టుకుని ఇంట్లో గట్టిగా చదివి చూడండి. ఐదు నిమిషాలు దాటితే కోసేయండి. గొంతు పట్టేసే చోటు ఎక్కడో అప్పుడే తెలుస్తుంది. అక్కడ పేజీ తిప్పేలా ప్రింటు తీసుకున్నాను నేను, ఊపిరి తీసుకోవడానికి.

పూర్తయ్యాక మాటలిచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ప్రతి పంపండి, చివర రెండు ఖాళీ పేజీలు వదిలి. తప్పులుంటే చెప్పమనండి. నేను ముందు మూడు పంపాను. అందులో ఒకటి రాంగ్ నంబర్ తమ్ముడికి. ఆయన కథలో, "నెల తర్వాత ఆయన మళ్లీ ఫోన్ చేశాడు" అని రాశాను. అలాగే జరిగి ఉంటుందనుకున్నాను, అడగలేదు. వారానికి ఫోన్ వచ్చింది.

"అంతా బాగుందమ్మా. ఆరో పేజీలో ఒక్కటే తప్పు. రెండోసారి నేను చెయ్యలేదు. అక్కయ్యే చేశారు. మొదటి జీతం వచ్చిందా అని అడిగారు."

మిగతా ప్రతుల్లో ఆ పేజీ మార్చి ప్రింటు తీయించాను. ముందే వెళ్లిపోయిన మిగతా రెండింటికీ చిన్న చీటీ రాసి పంపాను: ఆరో పేజీ, పదకొండో పంక్తి, "ఆయన మళ్లీ ఫోన్ చేశాడు" అన్నచోట "అమ్మ ఫోన్ చేసింది" అని చదువుకోవాలి.